పదో తరగతి పిల్లల్ని బడి కార్యక్రమాలకు దూరంగా ఉంచడం సబబేనా?

కొల్లేటి కొంగ:
మా మండలంలో జిల్లా పరిషత్ హైస్కూల్లో మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. రాబోయే కార్యక్రమాల జాబితా బడి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. డిసెంబర్ 22న రామానుజన్ జయంతికి గణిత దినోత్సవం, సంక్రాంతి సెలవులకు ముందు ముగ్గుల పోటీ, జనవరి 26కి ఆటల పోటీలు, ఫిబ్రవరి మొదట్లో వార్షికోత్సవం, 28న సైన్సు ప్రదర్శన. చదువుతుంటే సంతోషం వేసింది. చివర్లో ఒక వాక్యం ఉంది: పదో తరగతి వాళ్ళు వీటిలో వేటిలోనూ పాల్గొనకూడదు, చూడ్డానికి కూడా క్లాసు వదిలి రాకూడదు.

సెప్టెంబర్ 5న స్వపరిపాలన దినోత్సవం నడిపింది ఈ పిల్లలే. హెడ్మాస్టర్ కుర్చీ నుంచి అటెండర్ గంట దాకా అన్నీ వాళ్ళే చూసుకున్నారు. మా అమ్మాయి ఏడో తరగతికి సోషల్ పాఠం చెప్పడానికి ముందు రోజు రాత్రంతా పుస్తకం ముందేసుకుని కూర్చుంది. తన పాఠాలు కూడా ఎప్పుడూ అంత శ్రద్ధగా చదవలేదు. బాలల దినోత్సవానికి వేదిక కట్టిందీ వీళ్ళే. డిసెంబర్ వచ్చేసరికి ఆ బడిలో వాళ్ళకి బల్ల, స్లిప్ టెస్టు తప్ప ఇంకేమీ లేకుండా పోయాయి. పరీక్షలు మార్చిలో అని నాకూ తెలుసు. మూడు నెలలు పూర్తిగా కట్టేయాలా అన్నదే నా ప్రశ్న. మీ బడుల్లో ఎలా ఉంది?

లెక్కల మాస్టారు:
అమ్మా, మీ అమ్మాయి బాగా చదివే పిల్ల అనుకుంటాను. ఏడో తరగతికి పాఠం చెప్పగలిగిందంటేనే అర్థమవుతోంది. నా క్లాసులో డిసెంబర్‌కి కూడా భిన్నాల కూడిక రాని పిల్లలున్నారు. వాళ్ళకి నూటికి 35 తెప్పించాలి. పదో తరగతి పరీక్షల కోసం సెలవుల్లో కూడా క్లాసులు పెట్టే వంద రోజుల ప్రణాళిక అంటే మీకు ఆదివారం పోయిందన్న బాధ ఉండొచ్చు. ఆ పిల్లలకి గట్టెక్కే దారి అదొక్కటే. ఫెయిలైన పిల్లాడు సప్లిమెంటరీ రాస్తాడని మనం అంటాం. చాలామంది రాయరు, రొయ్యల చెరువు మీద కాపలాకో, మేస్త్రీ వెనకో వెళ్ళిపోతారు. నా కళ్ళముందు వెళ్ళిపోయారు.

బాగా చదివే పిల్లల సంగతీ చెప్తాను. నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదే. ప్రభుత్వ బడి పిల్లలకి 4 శాతం అదనంగా కలుపుతారు. కూలి చేసుకునే ఇంటి నుంచి ఇంజినీరు కావడానికి మన పిల్లలకున్న పెద్ద తలుపు అది. అక్కడ ఒక్కో మార్కు దగ్గర సీటు తారుమారవుతుంది. డాన్సు ప్రాక్టీసని మొదలైతే పది రోజుల పాటు ఆ గుంపు మనసు క్లాసులో ఉండదు. ఫలితాలు తగ్గితే సంజాయిషీ అడిగేది మమ్మల్ని, పాటలు పెట్టించిన వాళ్ళని కాదు.

సున్నపు గీత:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నాను. నేను హైస్కూల్లో ఫిజికల్ డైరెక్టర్‌ని (పీడీ). ఆటల పీరియడ్ జూన్‌లో టైమ్‌టేబుల్ మీద ఉంటుంది. ఆగస్టుకి లెక్కలకో, సైన్సుకో ఇచ్చేస్తాను, అడిగేవాళ్ళ ఇబ్బంది తెలుసు కాబట్టి. డిసెంబర్‌కి పిల్లల్ని గ్రౌండ్‌కి పంపమని అడిగే హక్కు కూడా నాకు మిగలదు.

స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు మండలం, జిల్లా, రాష్ట్రం, ఆపైన జాతీయ స్థాయి. మండలం, జిల్లా సెలెక్షన్లు చాలావరకు వర్షాకాలంలోనే అయిపోతాయి. పై స్థాయికి ఎంపికైన పిల్లకి మాత్రం సరిగ్గా ఈ చలికాలంలోనే పిలుపు వస్తుంది. అండర్-17 జట్టులో ముఖ్యమైన ఆటగాళ్ళు తొమ్మిది, పది తరగతుల వాళ్ళే. పదో తరగతి అని ఆపేస్తే మూడేళ్ళు పెంచిన ఆటని ఫలం చేతికొచ్చే వేళ నరికేసినట్టే. మీరు చెప్పిన ట్రిపుల్ ఐటీలోనే క్రీడల కోటా ఉంది. ఎన్‌సీసీకి ఉంది, స్కౌట్స్‌కి ఉంది. ఆ సర్టిఫికెట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

జనవరి 26 పోటీల సంగతంటారా, పరుగు పందెం రోజు ఎవరికైనా పోయేది ఒక పూట.

న్యాయం కావాలి:
ఇందులో చర్చకు తావే లేదు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో పిల్లల సర్వతోముఖాభివృద్ధి అని స్పష్టంగా రాసి ఉంది. కార్యకలాపాల ద్వారా నేర్చుకోవడం అని కూడా ఉంది. నోటీసు తీసుకెళ్ళి డీఈవో (జిల్లా విద్యాశాఖాధికారి) గారికి ఇవ్వండి.

పాత ప్లీడరు:
నిదానించండి. 2009 నాటి ఆ చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి, ఎనిమిదో తరగతి వరకు. పదో తరగతి దాని పరిధిలోకి రాదు. ఆ కాగితం పట్టుకుని వెళ్తే మొదటి నిమిషంలోనే వెనక్కి పంపుతారు. 2020 జాతీయ విద్యా విధానం మాత్రం పాఠ్యాంశాలకీ, ఆటలు కళలకీ మధ్య గట్టి గోడలు ఉండకూడదంటుంది. అది విధానం, చట్టం కాదు. ఈ అమ్మకి కావలసింది ఫిర్యాదు కాదు. హెడ్మాస్టర్‌తో కూర్చుని మాట్లాడుకునే ఒక మధ్యేమార్గం. మార్చి దాకా ఆ పిల్ల అదే బడిలో కూర్చోవాలి, అది మర్చిపోవద్దు.

వరంగల్ పిల్ల:
మాది తెలంగాణ. నేను గురుకులంల చదివిన. మా మేడమ్‌లు పదో తరగతోల్లని ఏ ఒక్క దాంట్ల కూడ ఆపలే. పొద్దున ఆట, రాత్రి స్టడీ అవర్. మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు ఆమెకు పద్నాలుగేండ్లు కూడ నిండలే. సాంఘిక సంక్షేమ గురుకులం బిడ్డ. ఆమెతోని ఎక్కిన ఆనంద్ కుమార్ కూడ గురుకులం పిలగాడే. "పరీక్షలున్నయి, భువనగిరి గుట్టకు శిక్షణకు పోవద్దు" అని ఎవరన్న ఆపి ఉంటే ఏమయ్యేది?

లెక్కల మాస్టారు:
తల్లీ, పూర్ణ పేరు వింటే నాకూ గర్వమే. కానీ గురుకులంలో పిల్లలు రాత్రి కూడా టీచర్ల కళ్ళముందే ఉంటారు. ఆటలో పోయిన గంట రాత్రి చదువులో వస్తుంది. మా బడిలో పిల్లలు సాయంత్రం ఆర్టీసీ బస్సు పట్టుకోవాలి. ఇంటికెళ్ళాక గేదెలకి గడ్డి, తమ్ముళ్ళకి అన్నం. మాకు దొరికేది బడి గంటలే. ఒక పెద్ద విజయాన్ని చూపించి, నలభై మంది ఉన్న నా క్లాసుకి దారి చెప్పలేం.

ఇద్దరు పిల్లల తల్లి:
మాస్టారు చెప్పిన బస్సు మాట నిజం. అన్ని కార్యక్రమాలనీ ఒకే గాటన కట్టడమే ఇక్కడ చిక్కు అనిపిస్తోంది. వార్షికోత్సవం సంగతి నేను మనసులో మాట చెప్తాను. కిందటేడు మా పిల్లల బడిలో ముఖ్య అతిథి కోసం పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టారు. అతిథి చీకటి పడ్డాక వచ్చారు. డాన్సు డ్రెస్సులు అద్దెకి, మేకప్‌కి తల్లులే డబ్బు కట్టుకున్నాం. డీజే హోరులో ఒక పిల్లాడు చెప్పిన పద్యం ఎవరికీ వినపడలేదు. అలాంటి పండగ పదో తరగతికే కాదు, ఏ తరగతికీ అవసరం లేదు.

సైన్సు ప్రదర్శన అలా కాదు. రామన్ ఎఫెక్ట్ కనుక్కున్న రోజని ఫిబ్రవరి 28న చేస్తారు. మా పెద్దాడు విద్యుత్ పాఠం పరీక్ష కోసం బట్టీ పట్టి మర్చిపోయాడు. ఎలుకలు పొలంలోకి వస్తే మోగే గంట తయారుచేసేటప్పుడు మళ్ళీ నేర్చుకున్నాడు, ఇప్పటికీ మర్చిపోలేదు. పిల్లల సైన్సు ఆలోచనల కోసం కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మనక్ పథకానికి ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు కూడా ఇస్తారు. పదో తరగతి వాళ్ళూ అర్హులే. దీన్ని చదువుకి అడ్డం అంటే ఎలా?

ఇంకొకటి. పదో తరగతి తర్వాత ఈ పిల్లలు వెళ్ళే కాలేజీలు చూశారా? చాలా ప్రైవేటు జూనియర్ కాలేజీలు అపార్ట్‌మెంటు లాంటి మేడల్లో ఉంటాయి. గ్రౌండ్ ఉండదు, వేదిక ఉండదు. మా వీధిలో కొందరు ఆడపిల్లలకైతే పదితోనే బడి అయిపోతుంది, ఆ తర్వాత పెళ్ళి మాటలే. వాళ్ళ జీవితంలో జట్టు కట్టి కబడ్డీ ఆడగలిగే చివరి శీతాకాలం ఇదే కావచ్చు. ఆ మూడు నెలల్లో వంద మందిని మీరు పాస్ చేయించవచ్చు మాస్టారూ, చేయించండి, దండం పెడతాను. కానీ ఒక్క పూట గ్రౌండ్ కూడా లేకుండా కాదు.

లెక్కల మాస్టారు:
చివరి శీతాకాలం అన్న మాటకి నా దగ్గర జవాబు లేదమ్మా. మా బడిలోనూ అలాంటి పిల్లలున్నారు. ఒక రోజు జరిగే వాటికి నేను అడ్డు చెప్పను. గణిత దినోత్సవానికి క్విజ్ పెడితే అది నాకు రివిజన్ కూడా. రోజుల తరబడి ప్రాక్టీసు కావలసినవాటి మీదే నా అభ్యంతరం. అది మాత్రం వదులుకోను. వెనకబడిన పిల్లాడికి రోజూ ఒక గంట పోతే తిరిగి తేలేను.

సున్నపు గీత:
అక్కడ నేనూ మీతోనే. రాష్ట్ర స్థాయికి వెళ్ళే పిల్లలకి తప్పిన టెస్టులు వచ్చాక పెట్టండి. మిగతావాళ్ళకి సాయంత్రం స్టడీ మొదలయ్యే ముందు అరగంట ఇవ్వండి చాలు. కూర్చుని కూర్చుని నిద్రపోయే పిల్లలు ఆ అరగంట తర్వాత ఎలా చదువుతారో మీరే చూస్తారు. ఆ అరగంట బాధ్యత నాది.

పాత ప్లీడరు:
అయితే అమ్మా, హెడ్మాస్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు "నోటీసు తీసేయండి" అనకండి. ఏ రోజు, ఏ కార్యక్రమం, ఎన్ని గంటలు అని రాసి ఇవ్వండి. కాదనడానికి ఆయనకి కారణం దొరకకూడదు.

కొల్లేటి కొంగ:
అందరికీ నమస్కారాలు. ఇలా రాసి తీసుకెళ్తున్నాను. డిసెంబర్ 22 క్విజ్‌లోకి పదో తరగతిని రానివ్వాలి. ముగ్గుల పోటీ ఒక పూటే కాబట్టి అదీ. జనవరి 26 ఆటల్లో వాళ్ళు ఆడాలి, ముందు ప్రాక్టీసు లేకపోయినా ఫరవాలేదు. సైన్సు ప్రదర్శనకి ఇంటి దగ్గర చేసుకున్న నమూనా తెచ్చి పెట్టే వీలుండాలి. వార్షికోత్సవంలో డాన్సులకి మా పిల్లల్ని పంపమని అడగను. కూర్చుని చూడనివ్వమని, బహుమతులు వాళ్ళ చేతికే ఇవ్వమని అడుగుతాను. వచ్చే ఏడాది నుంచి వార్షికోత్సవాన్ని నవంబర్‌కి జరపమని కూడా రాశాను. శనివారం తల్లిదండ్రుల కమిటీ సమావేశం ఉంది. నాతో మరికొందరు తల్లులు వస్తామన్నారు.

నవంబర్‌లో వార్షికోత్సవం చేసే బడి మీ దగ్గర ఏదైనా ఉంటే, చదువు మీద దాని ప్రభావం ఎలా ఉందో శుక్రవారంలోగా ఇక్కడ రాయండి.

వరంగల్ పిల్ల:
అక్కా, ఆ కాగితంల సాయంత్రం అరగంట ఆట సంగతి లేదు. పీడీ సారు బాధ్యత తీసుకుంటనన్నడు కద, మీ బడి పీడీ సారును కూడ అడుగుర్రి. ఒప్పుకుంటే అదే అన్నిటికన్న ముందు రాయుర్రి.