చిన్న గదిలో బేస్ అదుపు: యాక్టివ్ పరికరాలా, కరెక్షన్ సాఫ్ట్‌వేరా, కట్టుడు ట్రాప్‌లా?

శ్రుతిలయ: నా మిక్సింగ్ గది 4 మీటర్ల పొడవు, 3.2 మీటర్ల వెడల్పు, 2.8 మీటర్ల ఎత్తు ఉంటుంది. గోడలకు 10 సెంటీమీటర్ల మందమున్న రాక్‌వూల్ ప్యానెళ్లు బిగించాక గాత్రం తేటపడింది గాని, 43 హెర్ట్జ్ దగ్గర మోత అర సెకను దాటినా అణగడం లేదు. బేస్ గిటార్ లావు తీగ మీద మొదటి మెట్టు నొక్కితే ఆ ఒక్క స్వరం తరువాతి స్వరం మీదికి పొర్లుతోంది. మూలల్లో యాక్టివ్ బేస్ ట్రాప్‌లు (మంద్రధ్వనిని పీల్చుకునే కరెంటు పరికరాలు) పెట్టమని కొందరు, స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌ను సరిచేసే సాఫ్ట్‌వేర్ కరెక్షన్ చాలునని కొందరు అంటున్నారు. మీ అనుభవం చెప్పగలరు.

గోడమూల: ధ్వని వేగం 343ను గది పొడవుకు రెట్టింపైన 8తో భాగిస్తే 42.9 వస్తుంది. మీరు వింటున్నది పొడవు వెంట ఏర్పడే మొదటి అనునాదం. రాక్‌వూల్ గాలి కదలికలోని శక్తిని పీల్చుకుంటుంది గాని, గోడను ఆనుకున్న చోట గాలి కదలనే కదలదు. ఆ కదలిక గరిష్ఠంగా ఉండేది తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు దూరంలో, అంటే గోడ నుంచి 2 మీటర్ల దగ్గర. కాబట్టి వెనుక గోడకు 43 హెర్ట్జ్‌కు ట్యూన్ చేసిన మెంబ్రేన్ ట్రాప్ (గోడ దగ్గరి పీడనానికి కంపించి శక్తిని పీల్చే పలక ఉన్న పెట్టె) కట్టించండి. గదిలోని దోషాన్ని గదిలోనే సరిచేయాలి గాని, స్పీకర్‌కు వెళ్లే సిగ్నల్‌ను వంచకూడదు.

మంద్రస్థాయి: సబ్ వూఫర్‌ను జరిపి చూశారా?

తరంగిణి: గోడమూల గారూ, మెంబ్రేన్ ట్రాప్‌ను కాగితం మీద 43కు లెక్క కట్టడం సులువే. చట్రం బిగింపులో, పలక బరువులో చిన్న తేడా వచ్చినా అది 48 దగ్గర పని చేస్తుంది, అప్పుడు గోడంత పెట్టెను విప్పి మళ్లీ కట్టాలి. దానికన్నా కొలత మైక్‌తో కొలిచి, సాఫ్ట్‌వేర్‌లో 43 దగ్గర మాత్రం శబ్దాన్ని తగ్గించే ఒక ఫిల్టర్ సరైన వెడల్పుతో వేసుకుంటే పని తీరిపోతుంది.

గోడమూల: ఫిల్టర్ శబ్దాన్ని తగ్గిస్తుందే తప్ప మోత సాగే కాలాన్ని తగ్గించలేదు. ఇది ప్రాథమిక విషయం.

తరంగిణి: ప్రాథమిక విషయమే, కానీ మీరు తలకిందులుగా చెప్పారు. ఇరుగుపొరుగు అనునాదాలతో కలవకుండా ఒంటరిగా నిలిచిన అనునాదంలో శిఖరమూ (శబ్దం మిగతావాటికన్నా పెరగడం) మోతా ఒకే లక్షణానికి రెండు ముఖాలు. ఫిల్టర్ పౌనఃపున్యం, వెడల్పు దానికి సరిపోలితే రెండూ కలిసే తగ్గుతాయి. ఒక్కో పౌనఃపున్యం ఎంతసేపట్లో అణగుతుందో చూపే వాటర్‌ఫాల్ గ్రాఫ్ తీసి చూడండి. ఫిల్టర్ పూడ్చలేనిది శబ్దం అణగిపోయే గుంటను మాత్రమే, ఎందుకంటే అక్కడ ఎంత పెంచితే రద్దయ్యే భాగమూ అంత పెరుగుతుంది.

గోడమూల: సరిపోలితే! గాలి ఒక డిగ్రీ వేడెక్కితే ధ్వని వేగం సెకనుకు సుమారు 0.6 మీటర్లు పెరుగుతుంది. ఉదయం వేసిన ఫిల్టర్ మధ్యాహ్నానికి తప్పుతుంది.

తరంగిణి: పది డిగ్రీలు మారినా 43 హెర్ట్జ్ అనునాదం జరిగేది ముప్పాతిక హెర్ట్జ్. అర సెకనుకు పైగా సాగే మోత వెడల్పు సుమారు 4 హెర్ట్జ్ ఉంటుంది. ఆ మాత్రానికి ఫిల్టర్ పనికిరాకుండా పోదు. పైగా మీ మెంబ్రేన్ ట్రాప్ కూడా గది వెంట జరగదు కదా!

చెవియొగ్గి: ఉష్ణోగ్రత చర్చ ఇంకెన్నాళ్లండీ? హార్మన్ ఆడియో సంస్థలో టాడ్ వెల్టీ గారు సబ్ వూఫర్ల సంఖ్య, స్థానాల మీద చేసిన పని 2002లోనే వచ్చింది. నాలుగు గోడల మధ్యబిందువుల దగ్గర నాలుగు సబ్‌లు పెడితే కుర్చీకీ కుర్చీకీ తేడా బాగా తగ్గుతుంది.

గోడమూల: 3.2 మీటర్ల గదిలో నాలుగు సబ్‌లు పెట్టాక మనిషి ఎక్కడ కూర్చోవాలి? అసలు సంగతి ఏమిటంటే, హెడ్‌ఫోన్లలో పాట ముగించి పంపేవారికి గది గురించి మాట్లాడే అర్హత ఎంతుందో నాకు సందేహం.

తరంగిణి: అర్హత మాట తెచ్చారు గనుక చెబుతున్నాను. నాది అద్దె గది, గోడకు మేకు కొట్టనివ్వరు. అంతకుముందున్న గదిలో ఒక కాంట్రాక్టర్ బేస్ ట్రాపులని చెప్పి నాలుగు మూలల్లో ఫోమ్ ముక్కలు అతికించి డబ్బు తీసుకుపోయాడు. 100 హెర్ట్జ్ కింద గ్రాఫ్‌లో గీత కూడా కదలలేదు. అప్పటి నుంచి ‘గదిలోనే సరిచేయాలి’ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది.

గోడమూల: నాకు ఒళ్లు మండేది ఎక్కడో కూడా వినండి. నా కుర్చీ దగ్గర కొలిచి వేసిన ఫిల్టర్ల వల్ల నాకు బేస్ సమంగా వినిపించేది, వెనుక సోఫాలో కూర్చున్న నిర్మాతకు గుండెలదిరేవి. ఆయన తగ్గించమంటే తగ్గించాను. పాట బయటికి వెళ్లాక బేస్ లేదని ఆయనే పని వేరొకరికి ఇచ్చారు.

నిర్వాహకుడు: వ్యక్తుల మీదికి పోకండి. ఇద్దరూ చెప్పేది ఒక్కటే, కానీ ఒకరు ఒక కుర్చీ గురించీ మరొకరు రెండు సీట్ల గురించీ మాట్లాడుతున్నారు.

చెవియొగ్గి: లెక్క కూడా అదే చెబుతోంది. ముందు గోడ నుంచి పొడవులో 38 శాతం దూరంలో కూర్చుంటే, ఈ మొదటి అనునాదపు పీడనం గోడ దగ్గర ఉన్నదానిలో సుమారు 37 శాతమే. అంటే వెనుక గోడకు ఆనుకున్న సోఫాలో అది 8, 9 డెసిబెళ్లు ఎక్కువ. ఒక స్పీకర్ జంటకు వేసే ఏ ఫిల్టరూ ఈ తేడాను చెరపలేదు, రెండు చోట్లనూ కలిపే తగ్గిస్తుంది. తేడా పోవాలంటే అనునాదంలోని శక్తినే బయటికి లాగాలి, లేదా రెండో చోట నుంచి దాన్ని ఎదుర్కోవాలి. ‘డబుల్ బేస్ అరే’ (ఎదురెదురు గోడలకు సబ్‌లు పెట్టే పద్ధతి) చేసేది ఈ రెండో పని: ముందు గోడ నుంచి బయలుదేరిన అల 4 మీటర్లు దాటి వెనుక గోడకు చేరే 11.7 మిల్లీసెకన్లకు, అక్కడి సబ్‌లు తలకిందులైన సిగ్నల్ ఇచ్చి అల తిరిగి రాకుండా చేస్తాయి.

శక్తిని లాగే పని యాక్టివ్ ట్రాప్‌ది. హ్యారీ ఓల్సన్, ఎవెరెట్ మే 1953లోనే ఎలక్ట్రానిక్ శోషకాన్ని వివరించారు, కనుక ఇది నిన్నటి మాయ కాదు. పీఎస్‌ఐ ఆడియో వారి ఏవీఏఏ సీ20లో మైక్రోఫోన్ పీడనాన్ని పసిగడుతుంది, లోపలి డయాఫ్రమ్ దానికి తగినట్లు గాలిని లోనికి తీసుకుంటుంది. తన పరిమాణానికి మించి తెరిచిన కిటికీలా 15 నుంచి 150 హెర్ట్జ్ వరకు పని చేస్తుంది. దానికి పాట సిగ్నల్ అక్కరలేదు, గదిలో ఎవరైనా డ్రమ్ కొట్టినా పీల్చుకుంటుంది. డిరాక్ వారి కరెక్షన్ సాఫ్ట్‌వేర్ ఏఆర్‌టీ ఇతర స్పీకర్ల సాయంతో మోతను అణచగలదు గాని, తన గుండా వెళ్లిన సిగ్నల్‌కే. ట్రాప్‌ను మాత్రం వెనుక మూలల్లోనే పెట్టాలి. గది పొడవులో సరిగ్గా మధ్యన పెడితే ఈ 43కు అది ఉన్నా లేనట్లే, అక్కడ దాని పీడనం సున్నా.

శ్రుతిలయ: నా గదిలోనూ సోఫా వెనుక గోడకే ఆనుకుని ఉంది. పాటను ఒప్పుకునేవారు కూర్చునేది అక్కడే.

తరంగిణి: ఈ మాట మొదటి టపాలోనే రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అయితే మొదట వెనుక రెండు మూలలకూ ట్రాప్‌లు తెప్పించి, కుర్చీలోనూ సోఫాలోనూ విడివిడిగా కొలవండి. మిగిలిన శిఖరానికి ఫిల్టర్ వేయండి. ఫిల్టర్ మానేయమని మాత్రం నేను చెప్పను.

గోడమూల: కొలిచే ముందు సోఫాను గోడ నుంచి ఒక మీటరు ముందుకు జరపండి, దానికి కరెంటు కూడా అక్కరలేదు. యాక్టివ్ ట్రాప్‌కు నేను ఒప్పుకుంటున్నది మీకు 4 మీటర్లే ఉన్నందువల్ల. 7 మీటర్ల గది ఉన్నవారు మెంబ్రేన్ ట్రాపే కట్టుకోవాలి.

తరంగిణి: 7 మీటర్ల గది ఉన్నవారు ఈ చర్చకు రారండి.