హోడోర్ ఆ తలుపు పట్టుకున్నది తన ఇష్టంతోనేనా?

అడిగినవారు: తెనాలి కాలవగట్టు

గేమ్ ఆఫ్ థ్రోన్స్ ఆరో సీజన్ ఐదో ఎపిసోడ్, 'ద డోర్', మొన్న శనివారం రాత్రి చూశాను. 2016లో వచ్చిందే, నాకు ఇప్పటికి కుదిరింది. చూడనివాళ్ళు ఇక్కడే ఆగండి, కథంతా చెప్పేస్తున్నాను.

మా ఇంట్లో ఈ సీరియల్‌కి ఒక పద్ధతి ఉంది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసేది కాదు కాబట్టి ముందు నేనొక్కడినే చూస్తాను. బ్రాన్ కథ వచ్చే ముక్కలు మాత్రం మర్నాడు అమ్మకు పెడతాను. ఆవిడకు ఇంగ్లీషు రాదు, పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటాను. కాళ్ళు పడిపోయిన పిల్లాడు బ్రాన్‌ని బుట్టలో పెట్టి వీపు మీద మోస్తాడని, 'హోడోర్' అన్న ఒక్క మాట తప్ప పలకలేని హోడోర్‌కి అమ్మ శ్రవణకుమారుడని పేరు పెట్టుకుంది. ఐదో సీజన్ మొత్తం వాళ్ళు కనిపించకపోతే నేనేదో దాటేశానని నన్ను కోప్పడింది.

ఆదివారం మధ్యాహ్నం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసింది. వాళ్ళున్న గుహ మీదికి నైట్ కింగ్ నడిపే చచ్చినవాళ్ళ సేన వచ్చిపడింది. హోడోర్ భయంతో ముడుచుకుని ఊగిపోతున్నాడు, లేవడం లేదు. వాళ్ళతో ఉన్న అమ్మాయి మీరా అరుస్తోంది. బ్రాన్‌కి గతాన్ని చూసే శక్తి, ఇంకొకరి ఒంట్లోకి దూరి నడిపించే శక్తి ఉన్నాయి. అప్పుడు అతని మనసు ఎన్నో ఏళ్ళ కిందటి వింటర్‌ఫెల్‌లో, అంటే వాళ్ళ సొంత కోటలో ఉంది. అక్కడ విల్లిస్ అని గుర్రపుశాలలో పనిచేసే కుర్రాడు నిలబడి ఉన్నాడు, చిన్నప్పటి హోడోరే, అప్పటికి మాటలు చక్కగా వచ్చినవాడే. బ్రాన్ అక్కడినుంచే హోడోర్ ఒంట్లోకి దూరాడు. ఇటు మీరా 'హోల్డ్ ద డోర్' అని కేకలు పెడుతుంటే, అటు ఆ కుర్రాడు నేల మీద పడి కొట్టుకుంటూ అదే మాట అంటున్నాడు. అని అని ఆ మాట అరిగిపోయి చివరికి 'హోడోర్' మిగిలింది.

'తలుపు పట్టుకో' అంటోందమ్మా అని చెప్పాను. ఆపైన నాకు గొంతు పెగల్లేదు. అమ్మ చేట పక్కన పెట్టేసింది. "అంటే ఆ పసివాడు తన చావు అప్పుడే చూశాడా? చూసి కూడా ఇన్నేళ్ళు వీణ్ణి మోశాడా?" అంది.

నేను త్యాగమనే అనుకుంటున్నాను. కానీ అమ్మ అలా అడిగితే గట్టిగా అనలేకపోయాను. అతను ప్రాణం ఇచ్చాడా, బ్రాన్ తీసుకున్నాడా? ఆవిడకు ఏం చెప్పమంటారు?

ఓరుగల్లు కోట:

త్యాగం అనకు తమ్మీ. త్యాగం చేసేవాడికి వద్దనే వీలు కూడా ఉండాలి. బ్రాన్ అతని ఒంట్లోకి దూరడం అదే మొదటిసారి కాదు. మూడో సీజన్‌లో పాడుబడ్డ గాలిమరలో దాక్కున్నప్పుడు, ఉరుములకు భయపడి హోడోర్ అరుస్తుంటే నోరు మూయించడానికి దూరాడు. నాలుగో సీజన్‌లో క్రాస్టర్ ఇంటి దగ్గర మళ్ళీ దూరి, తనని ఎత్తుకుపోతున్న లాక్ అనేవాణ్ణి అతని చేతులతోనే చంపించాడు. బ్రాన్ వదిలేశాక హోడోర్ తన చేతుల్ని చూసుకుంటాడు చూడు, ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏం జరిగిందో తెలియదు, ఎవరూ చెప్పలేదు. గుహలో కూడా అంతే. భయపడి కూర్చున్నవాణ్ణి లేపింది బ్రాన్. బ్రాన్ కావాలని చేశాడని నేను అనను, చిన్న పిల్లాడు. కానీ విల్లిస్ అనే మనిషి బతకాల్సిన బతుకు పోయింది కదా. అమ్మకు నిజమే చెప్పు.

మొగలిరేకు:

పైన చెప్పినదాంట్లో సగం ఒప్పుకుంటాను. లేపి తలుపు దాకా తెచ్చింది బ్రానే. తలుపుకి వీపు ఆనించాక ఎంతసేపు బ్రాన్, ఎక్కడినుంచి హోడోర్ అన్నది మాత్రం సీరియల్ తేల్చి చెప్పదు. నేను క్రిస్టియన్ నేర్న్ ముఖం చూసి చెబుతున్నాను. మొదటి సీజన్ నుంచి ఆయనకు ఇచ్చింది ఒక్క మాట. సంతోషమైనా, సిగ్గయినా, భయమైనా దాంతోనే పలికించాడు. తలుపు సందుల్లోంచి చచ్చినవాళ్ళ చేతులు వచ్చి చీరేస్తుంటే ఆ ఒక్క మాట కూడా లేదు, ముఖమే ఉంది. అక్కడ ఉన్నది ఇంకొకరు తోలుతున్న ఒళ్ళు కాదని నాకు గట్టి నమ్మకం.

మీ అమ్మగారు శ్రవణకుమారుడు అన్నారు కాబట్టి అభిమన్యుణ్ణి గుర్తు చేయండి. సుభద్ర కడుపులో ఉండగా పద్మవ్యూహంలోకి వెళ్ళడం విన్నాడు, బయటికి రావడం వినలేదు. పుట్టకముందు చెవిన పడిన సగం మాట అతన్ని ఆ రోజు దాకా నడిపించింది. అంతమాత్రాన అభిమన్యుడి ధైర్యం అతనిది కాదని ఎవరూ అనరు కదా. హోడోర్ మాట ఇలా పుట్టిందని రచయిత జార్జ్ మార్టినే సీరియల్ తీసినవాళ్ళకు ముందుగా చెప్పాడు, అంటే అప్పటికప్పుడు అతికించింది కాదు.

రైన్ ఒడ్డున:

నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ డబ్బింగ్‌లో 'హాల్ట్ దస్ టోర్' అన్నారు, 'హోడోర్'కి చక్కగా అతికింది. తెలుగులో 'తలుపు పట్టుకో' అంటే అర్థం తెలుస్తుంది గానీ పేరు ఎలా పుట్టిందో అమ్మగారికి అందదు. 'తలుపు ఆపు' అని చెప్పి చూడండి. కేకపెట్టి అంటే 'తలుపాపు' అవుతుంది, ఇంకా తొందరగా అంటే 'తల్పాపు'. ఇన్నాళ్ళూ ఆ పిల్లాడు అంటున్నది అదేనమ్మా అని చెప్పండి.

తెనాలి కాలవగట్టు:

ముగ్గురికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నం తిన్నాక అభిమన్యుడి సంగతి చెప్పాను. అమ్మ వెంటనే "అభిమన్యుడికి తండ్రి ఏడ్చాడు, పగ తీర్చుకున్నాడు. వీడికి ఎవరున్నారు?" అంది. ఓరుగల్లు అన్నగారూ, ఆవిడ మీ వైపే ఉంది. 'తల్పాపు' అని నాలుగైదుసార్లు తొందర తొందరగా అని చూపించాను. అప్పుడు అర్థమైనట్టు తల ఊపి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత, ఆ కుర్రాడు మాట్లాడిన ముక్క ఎక్కడైనా ఉంటే మళ్ళీ పెట్టమంది. అదే సీజన్ రెండో ఎపిసోడ్‌లో ఉంది, బ్రాన్ తండ్రి నెడ్ వాళ్ళు చిన్నప్పుడు కత్తిసాము నేర్చుకునే చోట. పెట్టాను. రెండుసార్లు చూసింది.