సాఫ్ట్ ఫోర్క్‌కి 95 శాతం సిగ్నల్: అది మైనర్ల ఓటా, కాదా?

కొత్తబ్లాకు: బిట్‌కాయిన్‌లో సెగ్విట్ అనే సాఫ్ట్ ఫోర్క్ (పాత సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకునేలా నిబంధనల్ని బిగించే మార్పు) 2016 నవంబరు నుంచి నెలల తరబడి కదల్లేదు. బిప్ 9 (బిప్ అంటే బిట్‌కాయిన్ మార్పు ప్రతిపాదన) ప్రకారం 2016 బ్లాకుల్లో, అంటే లావాదేవీల కట్టల్లో, 1916 బ్లాకులు బిట్ 1 అనే సిగ్నల్ వెలిగించాలి (ఏడాదీ బ్లాకుల లెక్కా ఒకటవడం కాకతాళీయం). బ్లాకులు తవ్వే మైనర్లు వెలిగించలేదు, ఆగిపోయింది. మరి వీటో వాళ్లదే కదా?

పాతనోడు: ఓటు కాదండీ. "మా సాఫ్ట్‌వేర్ సిద్ధం" అన్న కబురు, అంతే. ఆ కబురు ఎంత నమ్మొచ్చో 2015 జులై 4న తేలింది. బిప్ 66 అనే ఇంకో సాఫ్ట్ ఫోర్క్‌కి 1000 బ్లాకుల్లో 950 సరేనన్నాయి, నిబంధన అమల్లోకొచ్చింది. కాసేపటికే ఒక చిన్న మైనర్ పాత వెర్షన్ 2 బ్లాకు తవ్వాడు. చెల్లదు. సరేనన్న పెద్ద పూల్సేమో (మైనర్ల జట్లు) లోపల ఏముందో సరిచూడకుండా, బ్లాకు పైచీటీ లాంటి హెడర్ పట్టుకుని దానిమీదే తవ్వుకుంటూ పోయాయి. ఆరు బ్లాకులు గంగపాలు. బ్లాకుకి 25 చొప్పున 150 బిట్‌కాయిన్లు. బ్లాకుల్ని తాము సరిచూడని తేలికపాటి వాలెట్లు వాడేవాళ్లను అదనంగా 30 కన్ఫర్మేషన్లు (పైన చేరే బ్లాకులు) ఆగమన్నారు.

తవ్వకందారు: అంటే హ్యాష్‌పవర్ (మైనర్ల తవ్వే శక్తి) కలిసిరాకపోతే నిబంధన కాగితం మీదే అనేగా! సెగ్విట్‌ని బలవంతంగా తేవాలన్న బిప్ 148 చూడండి. 2017 ఆగస్టు 1 నుంచి బిట్ 1 లేని బ్లాకుల్ని నోడ్లు (బ్లాకుల్ని సరిచూసే కంప్యూటర్లు) తిప్పికొట్టాలి. ఆ చైన్‌కి పదో వంతు హ్యాష్‌పవరే దక్కితే బ్లాకుకి 10 నిమిషాలు కాదు, 100. డిఫికల్టీ (తవ్వకం ఎంత కష్టమో ఆ లెక్క) దిగేది 2016 బ్లాకులయ్యాకే. పీరియడ్ మొదట్లోనే చీలితే 140 రోజులు. ఏ ఎక్స్ఛేంజ్ ఆగుతుంది?

పాతనోడు: రిస్కు ఇటు ఒక్కటే చూస్తున్నారు. సాఫ్ట్ ఫోర్క్ బ్లాకులు పాత నోడ్లకీ చెల్లుతాయి. 148 చైన్‌లో పని ఎప్పుడు ఎక్కువైనా అవి ఇటు దూకేస్తాయి. అవతల తవ్విన రివార్డులు పోతాయి, అక్కడే కన్ఫర్మ్ అయిన పేమెంట్లకీ దిక్కుండదు. 148 నోడ్లు మాత్రం అవతలి చైన్ ఎంత పొడవున్నా ఒప్పుకోవు. ఆ భయంతోనే జులైలో మైనర్లు, బిట్ 1ని తప్పనిసరి చేసే బిప్ 91కి దిగారు: 336 బ్లాకుల్లో 269 చాలు.

తవ్వకందారు: భయమేం కాదు, సెగ్విట్ తెస్తామని కంపెనీలూ మైనర్లూ మే నెలలో కుదుర్చుకున్న న్యూయార్క్ ఒప్పందం. 83 శాతం హ్యాష్‌పవర్ దాని వెనకుంది.

పాతనోడు: అదే ఒప్పందంలో రెండో సగం బ్లాకు సైజు పెంచే హార్డ్ ఫోర్క్ (పాత నోడ్లు ఒప్పుకోని మార్పు). అంత హ్యాష్‌పవర్ ఉండి కూడా నవంబరు 8న ఎందుకు విరమించుకున్నారు మరి?

కొత్తబ్లాకు: ఇది బాగుంది. తర్వాతి సాఫ్ట్ ఫోర్క్ టాప్‌రూట్‌కి ఈ గొడవ రాలేదా?

తవ్వకందారు: వచ్చింది. గడువు దాటితే బలవంతంగా అమలు చేయాలా వద్దా అని 2021లో నెలల పాటు వాదులాట. చివరికి స్పీడీ ట్రయల్‌తో పక్కకి పెట్టారు: 2016 బ్లాకుల్లో 1815, మూడు నెలల గడువు. జూన్‌లో లాక్, నవంబరులో 709632వ బ్లాకు దగ్గర అమలు. సిగ్నల్ పనిచేసిందా లేదా?

పాతనోడు: 709632, 633, 634 తెరిచి చూడండి. టాప్‌రూట్ వాడిన లావాదేవీలు మెంపూల్‌లో (బ్లాకు కోసం ఆగే వరుసలో) కాచుకుని ఉన్నా వాటిలో ఒక్కటీ ఎక్కలేదు. మొదటిది 709635లో.