బాస్ బోటు కొంటున్నా: కొత్త ట్రాకరా, ఎక్స్‌ప్రెస్సా, పాత స్కీటరా?

కొల్లేటి కొంగ:
అందరికీ నమస్కారం. ఫ్రిస్కో, టెక్సస్‌లో ఉంటాం. మాది కైకలూరు దగ్గర పల్లె. చిన్నప్పుడు దోనె మీద కూర్చుని కొరమీనుకి గాలం వేసినవాణ్ణి. ఇక్కడికొచ్చాక లూయిస్‌విల్ లేక్ గట్టు మీద నిలబడో, ఎవరైనా పిలిస్తే వాళ్ళ బోటెక్కో సరిపెట్టుకుంటూ వచ్చా. ఈ ఏడు సొంత బాస్ బోటు, అంటే బాస్ చేపల వేటకి వాడే చదును డెక్ మోటారు బోటు, కొనాలని గట్టిగా అనుకున్నా. మా ఆవిడ కూడా సరే అంది, ఒక్క షరతు మీద. బోటు గరాజ్‌లోనే పట్టాలి, నెలనెలా స్టోరేజీకి కట్టడం కుదరదంది. డ్రైవ్‌వేలో ట్రైలర్ కనిపిస్తే మా హెచ్‌ఓఏ (కాలనీ సంఘం) వాళ్ళు మర్నాడే ఉత్తరం పంపిస్తారు కాబట్టి ఆమె మాటకి ఎదురు చెప్పలేకపోయా.

బడ్జెట్ అన్నీ కలిపి 35 వేల డాలర్లు. లాగడానికి హైలాండర్ ఉంది, టో కెపాసిటీ 5,000 పౌండ్లు. ఎక్కువగా వెళ్ళేది రే రాబర్ట్స్, లూయిస్‌విల్ చెరువులకి. వీలైనప్పుడల్లా లేక్ ఫోర్క్. మేమిద్దరం, పదేళ్ళ బాబు.

మూడు చూసి పెట్టుకున్నా. ఒకటి కొత్త ట్రాకర్ ప్రో టీమ్ 175. ధర బోర్డు మీదే ఉంటుంది, బేరం లేదు. ట్రైలర్, ట్రోలింగ్ మోటార్ (గాలం వేసేటప్పుడు బోటుని మెల్లగా నడిపే బ్యాటరీ మోటారు) అందులోనే. రెండోది ఎక్స్‌ప్రెస్‌లో 18 అడుగులది, 115 హార్స్‌పవర్ యమహా ఇంజన్‌తో. అది బడ్జెట్ కొంచెం దాటుతోంది. మూడోది ఒకాయన ఇంటి దగ్గర అమ్ముతున్న 2015 స్కీటర్, 19 అడుగుల ఫైబర్‌గ్లాస్, 150 హార్స్‌పవర్ యమహా ఎస్‌హెచ్‌ఓ ఇంజన్. 24 వేలు చెబుతున్నాడు. నిజం చెప్పొద్దూ, డెక్ మీద కాలు పెట్టగానే మనసు దాని మీదకే పోయింది.

యూట్యూబ్ చూస్తే ఒకడు రేంజర్ కంపెనీ బోటు తప్ప మిగతావన్నీ తొట్లంటాడు. ఇంకొకడు ఆ పేరుకే పదివేలు ఎక్కువ పోస్తున్నారంటాడు. వాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. స్పాన్సర్లు లేని మాట వినాలనుంది.

మానేరు పోరడు:
అన్నా, నాది 17 అడుగుల అల్యూమినియం. బ్రాండు పేరు చెప్పి ఈడ లొల్లి వెట్ట. లిటిల్ ఎల్మ్‌ల ఉంటం. పొద్దుగాల గాలి లేనప్పుడు డాక్‌ల పొంటి, కోవ్‌లల్ల తిరుగుతందుకు దానికి వంక వెట్టెటట్టు లేదు. గ్యాస్ తక్కువ తాగుతది, ర్యాంప్ మీద ఒక్కన్నే దింపుకుంట, ఒక్కన్నే ఎక్కించుకుంట.

గని మార్చి, ఏప్రిల్‌ల దక్షిణం గాలి లేసిందనుకో, లూయిస్‌విల్ నడుమ దాటుడు మామూలు ముచ్చట కాదు. తేలిక పడవ, ప్రతి అల మీద ధన్‌మని పడతది. ముందట కూసున్నోడు నెత్తినుంచి కాళ్ళదాంక తడుస్తడు. నా భార్య ఒకపారి అట్ల తడిసింది, మల్ల ఎండకాలం దాంక బోటెక్కలే. నీ ఇంట్ల షరతులు పెట్టేది వదినే కాబట్టి ఈ ముచ్చట ముందుగాల్నే చెప్తున్న.

ఇంకోటి. ప్యాకేజీ ధర చూసి ఖుషీ గాకు. తక్కువ ధర ప్యాకేజీలల్ల వచ్చే ట్రోలింగ్ మోటార్ 12 వోల్టులది ఉంటది. గాలిల అది పడవను పట్టి ఆపలేదు. 24 వోల్టులది, జీపీఎస్‌తోని ఒక్కకాడ నిలబెట్టే స్పాట్ లాక్ ఉన్నది ఏపిచ్చుకున్న. మోటారు, ఇంకో బ్యాటరీ, చార్జరు, వైరింగ్ కలిపితే రెండువేల మీదికి పోయింది. ఫిష్ ఫైండర్ ముచ్చట అడగనే అడగకు. నీళ్ళ కింద చాపలు కదులుడు అప్పటికప్పుడు చూపెట్టే లైవ్‌స్కోప్ అసొంటిది పెట్టాలనిపిస్తే బడ్జెట్ మల్ల మొదటినుంచి రాసుకోవాలె.

ఇంజన్ మాత్రం చిన్నది తీస్కోకు. పడవల కెపాసిటీ ప్లేటుంటది, 20 అడుగుల లోపు బోట్లకు అది ఉండాల్నని ఫెడరల్ రూలే. దాని మీద గరిష్ఠ హార్స్‌పవర్ ఎంత రాస్తే అంతకు దగ్గరున్నది తీస్కో. తక్కువది పెట్టుకుంటే ముగ్గురు ఎక్కినంక ముక్కు లేపుడుకే తండ్లాడుతది, రేపు అమ్మబోతే ఎవడూ అడగడు.

లానియర్ రాజు:
మాది అట్లాంటా వైపు, కమ్మింగ్. ఒక్క మాట చెప్పి పోతాను. వాడినవి వెతికేటప్పుడు ఎవిన్‌రూడ్ ఇంజన్ ఉన్నవి భలే చవగ్గా కనిపిస్తాయి. ఆ ఇంజన్ల తయారీని వాటి కంపెనీ బీఆర్‌పీ 2020లోనే ఆపేసింది. తెలిసిన మెకానిక్ ఉంటే తీసుకోండి, లేకపోతే వద్దు. ట్రైటన్, రేంజర్ బోట్లు మంచివి కూడా చాలా అలా వస్తుంటాయి, టెంప్ట్ అవకండి.

పైనీవుడ్స్ మావయ్య:
అబ్బాయ్, నేను టైలర్‌లో ఉంటాను. ఫోర్క్ మాకు పెరడు. కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఈ బ్రాండ్ల తగువు సంగతి. ట్రాకర్, నైట్రో, రేంజర్, ట్రైటన్ నాలుగూ ఇవాళ ఒకే యజమానివి. బాస్ ప్రో షాప్స్ వాళ్ళ వైట్ రివర్ మెరైన్ గ్రూప్ కింద ఉన్నాయి. రేంజర్‌ని ఫారెస్ట్ వుడ్ 1968లో ఆర్కాన్సాలోని ఫ్లిప్పిన్‌లో మొదలుపెట్టాడు. పని అక్కడే జరుగుతోంది, మంచి పనే, కానీ జేబు మాత్రం ఒకటే. స్కీటర్ 1996 నుంచి యమహాది, మా ఇంటికి ముప్పావుగంట దూరంలో కిల్గోర్‌లో తయారవుతుంది. బాస్ బోటు అనే రూపం మొదలైందే ఆ పేరుతో, 1948లో ష్రీవ్‌పోర్ట్‌లో. ఎక్స్‌ప్రెస్ హాట్ స్ప్రింగ్స్ వాళ్ళది, అల్యూమినియం వెల్డింగే వాళ్ళ విద్య. అందుకని యూట్యూబ్ వాళ్ళు కొట్టుకునేదాంట్లో సగం అన్నదమ్ముల తగువు.

బోటు పేరు ఒప్పుకున్నావంటే ఇంజన్ పేరు కూడా ఒప్పుకున్నట్టే. ట్రాకర్, నైట్రో అయితే మెర్క్యురీ, స్కీటర్ అయితే యమహా. రెండు ఇంజన్లూ మంచివే. నువ్వు చూడాల్సింది ఫ్రిస్కో నుంచి గంట లోపల ఆ ఇంజన్ బాగుచేసే షాపు ఏదుంది, అక్కడ వరస ఎంత ఉంది అని. నా పాత బోటుకి ఒక చిన్న ఫ్యూయల్ పంపు పోతే ఒక షాపువాళ్ళు ఏప్రిల్‌లో తీసుకుని జూన్‌లో ఇచ్చారు. చేపలు బాగా పడే రోజులన్నీ బోటు వాళ్ళ యార్డులో ఉంది, నేను గట్టు మీద ఉన్నాను. అందుకే బ్రోచరు చూసే ముందు ఆ షాపుకి ఫోన్ చేసి, వేరేచోట కొన్న బోటు సర్వీసుకి తెస్తే ఎన్నాళ్ళు పడుతుందని అడుగు. సేల్స్ వాణ్ణి అడక్కు, సర్వీస్ కౌంటర్‌ని అడుగు.

ఇక నీ మూడింటి సంగతి. రే రాబర్ట్స్ గాలికి, ముగ్గురు మనుషులకి 17 అడుగుల అల్యూమినియం ఇరుకు. మానేరు బాబు చెప్పింది నిజం. అది ట్రాకర్ తప్పేమీ కాదు, ఆ సైజు ఏ పేరుతో కొన్నా అంతే. ఫోర్క్‌లో మాత్రం అల్యూమినియానికి ఒక సుఖం ఉంది. నీళ్ళ కింద నిండా మునిగిన చెట్లు. బోట్ లేన్ (బోట్లకోసం గుర్తులు పెట్టిన దారి) దాటి రెండు గజాలు పక్కకి పోతే మోడు తగులుతుంది. అల్యూమినియం సొట్టపోతుంది, ఫైబర్‌గ్లాస్‌కి జెల్‌కోట్ అనే పై పూత లేచి బాగుచేయించుకోవాల్సి వస్తుంది. నెమ్మదిగా పోయేవాడికి ఏదైనా ఒకటే.

బరువు కూడా లెక్క వేశాను. 19 అడుగుల ఫైబర్‌గ్లాస్ హల్ (బోటు ఒళ్ళు), 500 పౌండ్లకి దగ్గరగా ఉండే ఇంజన్, ట్రైలర్, నాలుగు బ్యాటరీలు, నిండు ట్యాంకు గ్యాస్ కలిపితే దాదాపు 4,000 పౌండ్లు. హైలాండర్ లాగుతుంది. తడిసిన ర్యాంప్ మీద మాత్రం జాగ్రత్త.

పాత స్కీటర్ కొనాలంటే ఇలా చూడు. మోటారు సగం పైకెత్తి, అడుగున రెక్కలా ఉండే స్కెగ్ పట్టుకుని గట్టిగా పైకీ కిందకీ ఊపు. నీ కళ్ళు మోటారు మీద కాదు, మోటారు బిగించి ఉండే వెనక గోడ, అదే ట్రాన్సమ్, దాని మీద ఉండాలి. మోటారుతో పాటు ట్రాన్సమ్ కదిలితే నమస్కారం పెట్టి వచ్చేయ్. మోటారు బోల్టుల చుట్టూ, స్ప్లాష్‌వెల్ (మోటారు ముందుండే చిన్న గుంట) మూలల్లో వెంట్రుకవాసి చీలికలున్నాయేమో టార్చి వేసి చూడు. తర్వాత గేర్‌కేస్ (మోటారు కింద గేర్లుండే పెట్టె) అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూ. ముందురోజు రాత్రినుంచీ ఇంజన్ తిప్పొద్దని చెప్పి, పొద్దున్నే దాన్ని కాస్త వదులు చేయించు. లోపలికి నీళ్ళు చేరితే బరువుకి అవి అడుక్కి దిగి ఉంటాయి, ముందు అవే వస్తాయి. ఆయిల్ మజ్జిగలా తెల్లగా వచ్చిందంటే సీలు పోయిందని అర్థం. యమహా డీలర్ లాప్‌టాప్ తగిలిస్తే మొత్తం ఎన్ని గంటలు, ఏ ఆర్‌పీఎమ్‌లో ఎంతసేపు తిరిగిందో కాగితం ఇస్తాడు. ఆ కాగితం లేకుండా ధర మాట్లాడకు. ట్రాన్సమ్ మీద కుడివైపు హల్ నంబరుంటుంది, చివరి రెండంకెలు మోడల్ సంవత్సరం. అక్కడ 15 లేకపోతే ఆయన చెప్పే కథ ఇంకోసారి విను. ట్రైలర్ టైర్ల మీద డాట్ కోడ్ చివరి నాలుగంకెలు వారం, సంవత్సరం. పదేళ్ళ టైర్లయితే పైన ఎంత నల్లగా మెరుస్తున్నా అన్నీ మార్పించుకోవాల్సిందే.

ఇవన్నీ బాగుంటే స్కీటర్ తీసుకో. ఆయన చెప్పే 24 వేలు ఇంకా తగ్గేలా బేరమాడు, మిగిలింది టైర్లకీ బ్యాటరీలకీ ఉంచు. ఇంజన్ కాగితంలోగానీ ట్రాన్సమ్‌లోగానీ ఏదన్నా తేడా ఉంటే ఎక్స్‌ప్రెస్‌కి పో, నాలుగు డబ్బులు ఎక్కువైనా సరే. ట్రాకర్ నీళ్ళకి కొత్త అయినవాళ్ళకి చాలా మంచి బోటు. నువ్వు కొల్లేట్లో పుట్టినవాడివి, రెండేళ్ళలో అది అమ్మి పెద్దది కొంటావు. ఆ నష్టం ఎందుకు?

కొల్లేటి కొంగ:
మావయ్యగారూ, మీరు చెప్పిన పరీక్షలకంటే ముందు టేపు తీశా. గరాజ్ లోపల గోడ నుంచి తలుపు దాకా 21 అడుగుల 8 అంగుళాలు. అమ్మే ఆయనకి ఫోన్ చేసి కొలవమన్నా. ట్రైలర్ టంగ్ (కారుకి తగిలించే ముందు కడ్డీ) పక్కకి మడిచేదేనట. టంగ్ మడిచి, మోటారు కిందకి దించి ఒక పక్కకి తిప్పితే ముక్కు నుంచి చివరి దాకా 21 అడుగుల 2 అంగుళాలు వచ్చిందన్నాడు. ఆరంగుళాలు మిగిలాయి! గోడ దగ్గర ఆవకాయ జాడీలూ, డీప్ ఫ్రీజరూ ఉన్నాయి, వాటిని వంటింటి వైపు జరపాలి. ఇంట్లో ఇంకా చెప్పలేదు.

మానేరు తమ్ముడూ, తడిసే సంగతి మా ఆవిడకి చదివి వినిపించా. ఆవిడ అడిగిన ప్రశ్న వేరే: "ఇంత డబ్బు పోసి పట్టి, మళ్ళీ నీళ్ళల్లో వదిలేస్తారా?" ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య బాస్‌ని ఎటూ ఉంచుకోనివ్వరని చెబితే ఇంకా విచిత్రంగా చూసింది.

మానేరు పోరడు:
వదినకు చెప్పు, పులుసుకు బాస్ ఎందుకు, రే రాబర్ట్స్‌ల క్యాట్‌ఫిష్, శాండ్ బాస్ (పేరుకే బాస్, అది వేరే చాప) మస్తు పడ్తయి. అదే బోటు, వేరే గాలం. లైవ్‌వెల్ (పట్టిన చాపలను బతికుంచే తొట్టి) నింపుకొని ర్యాంప్ కాడికి వస్తివి చూడు, ఆడ్నే నీళ్ళన్నీ ఇడిసిపెట్టాలె, బిల్జ్ అనే పడవ అడుగుల చేరిన నీళ్ళతో సహా. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆలిచిప్పలు ఒక చెరువుల కెళ్ళి ఇంకో చెరువుల పడొద్దని టెక్సస్ చట్టం. చాపలను ఐసుల పెట్టుకొని పో.

నీ కొడుక్కు 13 నిండేదాంక, బోటు లంగరేసో గట్టుకు కట్టేసో ఉంటే తప్ప, ఊకే తేలుతున్నా సరే, లైఫ్ జాకెట్ ఒంటి మీదుండాలె. మంచిది కొను, గీసుకుపోయేటిది కొంటే పోరడు గంటకే ఇంటికి పోదామంటడు.

పైనీవుడ్స్ మావయ్య:
ఆరంగుళాలు చాలు. నేల మీద ఒక కర్ర దిమ్మ బిగించి చక్రాలకి ఆపు పెట్టుకుంటే రోజూ లెక్క వేసుకోనక్కర్లేదు. తలుపు ఎత్తు కూడా కొలువు, విండ్‌షీల్డూ ట్రోలింగ్ మోటారు తలా తగలకుండా ఉండాలి.

మరిచిపోయిన సంగతి ఒకటి. టెక్సస్‌లో బోటుకి ఒక టైటిల్ (యాజమాన్య పత్రం), అవుట్‌బోర్డ్ మోటారుకి వేరే టైటిల్. ట్రైలర్ కాగితాలు మళ్ళీ వేరు. చాలామంది బోటు టైటిల్ చేతిలో పెట్టి, మోటారుది తర్వాత పంపిస్తామంటారు. రెండూ అమ్మే ఆయన పేరు మీదే ఉండాలి, రెండింటి మీదా లోన్ తీరిపోయినట్టు ఉండాలి. డబ్బు ఇచ్చే ముందు ఆ నంబర్లు హల్ మీదా మోటారు బ్రాకెట్ మీదా ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో నువ్వే చూసుకో.

శనివారం నాకు ఖాళీనే. నీళ్ళల్లోకి దించి చూపిస్తానంటేనే రమ్మను, రే రాబర్ట్స్ ర్యాంప్ దగ్గర 7 గంటలకి కలుద్దాం. స్క్రూడ్రైవరూ టార్చీ నేను తెస్తాను, ఇడ్లీలు నువ్వు తీసుకురా.