486 ల్యాప్‌టాప్‌లో ఎంఎస్‌డి తెరిస్తే మెషీన్ బిగుసుకుపోతోంది

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారం. మా బియ్యం మిల్లులో నాన్నగారు వాడే పాత 486 (ఆనాటి ఇంటెల్ రకం ప్రాసెసర్) ల్యాప్‌టాప్ ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్ ఎంఎస్-డాస్ 6.22. కాటా మిషను నుంచి సీరియల్ కేబుల్ ద్వారా తూకం నేరుగా లెక్కల ప్రోగ్రామ్‌లోకి వచ్చేది. ఈ వానల్లో కొన్నాళ్లు మూలన పెట్టి మళ్లీ తీశాక తూకం రావడం లేదు, మిగతా ప్రోగ్రామ్ మాత్రం శుభ్రంగా నడుస్తోంది. ఆ కేబుల్ తగిలించే సీరియల్ పోర్టు ఉందో పోయిందో చూద్దామని ఎంఎస్‌డి (డాస్‌తోనే వచ్చే, మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూపించే ప్రోగ్రామ్) కొడితే, సిస్టమ్‌ని పరిశీలిస్తున్నానన్న మెసేజ్ దగ్గరే ఆగిపోతోంది, కంట్రోల్-ఆల్ట్-డిలీట్‌కి కూడా పలకదు. బరంపురంలో చూపిస్తే బోర్డు పోయిందన్నారు. నిజంగా బోర్డేనా?

కొలాబ్ (జయపురం):
తమ్ముడూ, బోర్డు పోతే లెక్కల ప్రోగ్రామ్ అంత శుభ్రంగా ఎలా నడుస్తుంది? ముందు డేటా అంతా ఫ్లాపీల్లోకి కాపీ చేసుకో, లేకపోతే మొదటికే మోసం.

ఆ రోజుల్లో ఐఎస్ఏ కార్డు (బోర్డు మీది పాత రకం స్లాట్‌లో పెట్టేది) తానెవరో చెప్పుకునేది కాదు, అందుకని ఇలాంటి ప్రోగ్రాములు ఒక్కో పోర్టు అడ్రసునీ చీకట్లో తడుముకున్నట్టు కెలికి చూస్తాయి. ల్యాప్‌టాప్‌లో అదే అడ్రసు దగ్గర మోడెమో, నెట్‌వర్క్ కార్డో, పవర్ చిప్పో ఉంటే అది ఇంకోలా స్పందించి మొత్తం బిగుసుకుపోతుంది. పీసీఎంసీఐఏ కార్డు (ల్యాప్‌టాప్ పక్కన దూర్చే చిన్న కార్డు) ఏదైనా ఉంటే తీసెయ్. 'స్టార్టింగ్ ఎంఎస్-డాస్' అని రాగానే ఎఫ్8 నొక్కి, ఈఎంఎం386 (మెమరీ సర్దే డ్రైవరు) లైనుకి వద్దని చెప్పు, అది ఉంటే ప్రాసెసర్ వర్చువల్ మోడ్‌లోకి వెళ్లి కొన్ని టూల్స్ తప్పు చెబుతాయి. ఆ తర్వాత ఎంఎస్‌డి పక్కన /ఐ పెట్టి కొట్టు. మొదట్లోనే జరిగే వెతుకులాట మానేసి నేరుగా మెనూ వస్తుంది, అక్కడ ఒక్కో అంశం తెరిచి చూడొచ్చు. ఏది తెరిస్తే ఆగిందో గొడవ అక్కడే.

నిజానికి నీకు కావలసింది సీరియల్ పోర్టు ఒక్కటే, దానికి ఎంఎస్‌డి కూడా అక్కర్లేదు. డాస్‌లోనే ఉండే డీబగ్ ప్రోగ్రామ్ పేరు కొట్టి, చిన్న గీత (-) రాగానే డి 40:0 అను. బయాస్ (మెషీన్ ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డు మీదే ఉండే ప్రోగ్రామ్) తాను కనిపెట్టిన పోర్టుల అడ్రసులు అక్కడే రాసి పెడుతుంది. మొదటి రెండు జతలు ఎఫ్8 03 అయితే కామ్1, అంటే మొదటి సీరియల్ పోర్టు, ఉన్నట్టే (తిరగేసి చదవాలి, 3ఎఫ్8 అన్నమాట). రెండూ 00 అయితే బయాస్‌కే పోర్టు కనబడలేదు, సెటప్ (బయాస్ సెట్టింగుల తెర) చూడాలి. బయటికి రావడానికి క్యూ.

ప్రాణహిత (సిరొంచ):
నాది పెంటియమ్ 2 ల్యాప్‌టాప్ అన్నా, హార్డ్‌వేర్ చూపించే ఒక పాత టూల్ తెరవగానే 'రన్‌టైమ్ ఎర్రర్ 200' అని మూసుకుపోతోంది. ఇదీ పోర్టుల గొడవేనా?

కొలాబ్ (జయపురం):
కాదు, నీ మెషీన్ వేగం ఎక్కువైంది. అది టర్బో పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ టూల్‌తో రాసిన ప్రోగ్రామ్. ఒక టైమర్ టిక్కులో, అంటే 55 మిల్లీసెకన్లలో, ఎన్ని చుట్లు తిరగ్గలనో మొదట్లోనే లెక్కేసుకుని 55తో భాగిస్తుంది. ప్రాసెసర్ వేగం ఎక్కువైతే ఆ భాగఫలం 16 బిట్లలో పట్టదు, అదే ఎర్రర్ 200. ఈ తప్పు సరిచేసే ప్యాచ్‌లు దొరుకుతాయి, కాకపోతే సెటప్‌లో క్యాష్ (ప్రాసెసర్ వేగం పెంచే చిన్న మెమరీ) ఆపి నడిపి చూడు.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అన్నా, చాలా థ్యాంక్స్. /ఐ తో ఎంఎస్‌డి తెరుచుకుంది. డీబగ్‌లో మొదటి రెండూ 00 00. సెటప్‌లోకి వెళితే సీరియల్ పోర్టు డిసేబుల్ అని ఉంది, తేదీ కూడా తప్పు. ఎనేబుల్ చేశాక ఎఫ్8 03 వచ్చింది, కాటా నుంచి తూకం పడుతోంది. కానీ రాత్రి ఆపి పొద్దున్న చూస్తే మళ్లీ డిసేబుల్.

కొలాబ్ (జయపురం):
అంటే సీమాస్ బ్యాటరీ (మెషీన్ ఆపినా తేదీ, సెటప్ గుర్తుంచుకునేలా చేసే చిన్న బ్యాటరీ) అయిపోయింది, మూల కారణం అదే. ఆలస్యం చేయకు, పాత బ్యాటరీ కారితే ఆ రసం బోర్డు మీది రాగి గీతల్ని తినేస్తుంది. విప్పి పచ్చగా మరక ఏమైనా ఉందేమో చూసి, బ్యాటరీ మీద రాసిన వోల్టేజి, వైరు ఎటు తిరిగి ఉందో ఫోటో తీసి ఇక్కడ పెట్టు, దానికి సరిపడేది చెబుతా. అది రీఛార్జి రకమైతే బదులుగా మామూలు కాయిన్ సెల్ పెట్టొద్దు, బోర్డు దాన్ని ఛార్జి చేయాలని చూస్తుంది, ప్రమాదం.