పాత థార్‌కి పాలీయూరెథేన్ బంప్ స్టాప్‌లు: ఎంత ఎత్తు, ఎంత గట్టి?

కడప_థార్
పాత మహీంద్రా థార్, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజిన్ బండి. వెనక కమాన్ల (పట్టీల స్ప్రింగుల) మీద రెండంగుళాల లిఫ్ట్ ఉంది, అంటే బండి అంత ఎత్తు పెంచాను. కంపెనీ 235/70 ఆర్16 టైర్లు తీసేసి 245/75 ఆర్16 వేయించాను. ఇరుసు మరీ పైకి వచ్చి చాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే పాత బంప్ స్టాప్ రబ్బర్లు పగిలి పొట్టు రాలుతున్నాయి. గండికోట వైపు రాళ్లదారిలో ఒక చక్రం గట్టు ఎక్కితే టైరు ఫెండర్ లోపల గీసుకుంటోంది. వాటి బదులు పాలీయూరెథేన్ (రబ్బరులాంటి గట్టి ప్లాస్టిక్) వేయిద్దామని ఉంది. ఎత్తు ఎంత తీసుకోవాలి, ఎంత గట్టివి కావాలి, ముందు వైపు కూడా మార్చాలా, ఖర్చెంత? వేసుకున్నవాళ్లు చెప్పండి.

గుడిసె_జీపు
తమ్ముడూ, మారేడుమిల్లి నుంచి గుడిసెకి జనాన్ని ఎక్కించుకుని తిప్పే బండి నాది. రబ్బరు మా దగ్గర నిలవదు. ఇరుసు హౌసింగ్ (ఇరుసు చుట్టూ ఉండే ఇనప గొట్టం) సీల్ కొంచెం కారినా, గ్రీజు తగిలినా ఉబ్బి మెత్తబడిపోతుంది. పాలీ వేశాక ఆ గొడవ లేదు. కానీ ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఎత్తు ఎక్కువది వేయొద్దు. బండి ఖాళీగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. మనుషులు ఎక్కాక హౌసింగ్ ముందే స్టాపర్ దగ్గరకి వచ్చేసి ఉంటుంది. ప్రతి గుంతకీ వెనక కూర్చున్నవాళ్ల నడుము విరుగుతుంది.

జిప్సీ_పాతకాపు
ఈ పాలీ పిచ్చి ఎందుకో అర్థం కాదు. సైన్యం దశాబ్దాల పాటు మారుతి జిప్సీలను కొండలూ ఎడారులూ తిప్పింది. కంపెనీ రబ్బరు మెత్తగా మొదలై పోనుపోను గట్టిపడుతుంది, కాబట్టే నడుము బతుకుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో మంచి రబ్బరు దొరుకుతుంది. పగిలితే మార్చుకోండి, అంతే.

విశాఖ_4x4
వంజంగి దారిలో నా బండి పడ్డ బాధ చెప్తాను. ఓ దుకాణంలో "90 గట్టిదనం, ఎర్ర రంగు, పోటీ బండ్లకు వాడేవి" అని అంటగట్టారు. మెల్లగా పోతే ఏం తెలియదు. కొంచెం వేగంలో గుంత తగిలితే వెనక భాగం పైకి ఎగిరి తంతోంది. స్టాప్ బిగించిన బ్రాకెట్ వెల్డింగ్ దగ్గర చీలిక కూడా వచ్చింది. నల్లవి తీసుకుని ఉంటే మెత్తగా ఉండేవని ఇప్పుడు అందరూ అంటున్నారు.

బాలానగర్_మోల్డర్
రంగు మాట ఇక్కడితో ఆపండి. మా షాపులో పాలీయూరెథేన్ పోతపోసేది నేనే. ఎరుపైనా నలుపైనా అందులో కలిపిన పొడి మాత్రమే. ఒక కంపెనీ ఎర్రది ఇంకో కంపెనీ నల్లదానికంటే మెత్తగా ఉండొచ్చు.

గట్టిదనం షోర్ ఏ కొలతలో చెప్తారు. బంప్ స్టాప్‌కి 70 నుంచి 80 లోపు చాలు. 90 అంటే చాలా గట్టి. అంతకంటే ముఖ్యం ఆకారం. గుండ్రటి దిమ్మలాంటిది మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో తంతుంది. కొన సన్నగా, కింద వెడల్పుగా ఉన్నది అయితే మొదట లొంగి తర్వాత బిగుస్తుంది. విశాఖ బ్రదర్, మీది దిమ్మే అయ్యుంటుంది.

ఇంకోటి. గట్టి పాలీ నలిగినప్పుడు ఘనపరిమాణం తగ్గదు, పక్కలకు ఉబ్బుతుంది. దాన్ని ఇనప కప్పులో బిగుతుగా కూర్చోబెడితే ఉబ్బడానికి చోటు ఉండదు, ఇక రాయితో సమానం. కప్పు గోడకీ దానికీ మధ్య ఖాళీ ఉండి తీరాలి.

జిప్సీ_పాతకాపు
అమ్ముకునేవాళ్లు అన్నీ చెప్తారు. తడిసిన పాలీ రెండు వానాకాలాలకే బూజులా పొడై రాలిపోవడం నా కళ్లారా చూశాను.

బాలానగర్_మోల్డర్
నేను ఇక్కడ ఎవరికీ ఏమీ అమ్మలేదు, అమ్మను కూడా. మీరు చూసింది పాలిస్టర్ రకం. నీళ్లు, వేడి, తేమ కలిస్తే అది లోపలి నుంచి తెగిపోతుంది. పాలీఈథర్ రకం తేమకి బాగా తట్టుకుంటుంది. కోస్తాలో ఉన్నవాళ్లు కొనేముందు ఏ రకమో అడగాలి. చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఒక రకం చెడిపోతే మొత్తం పదార్థాన్ని తిట్టడం న్యాయం కాదండీ.

జిప్సీ_పాతకాపు
దుకాణంలో కుర్రాడికి పాలిస్టరో పాలీఈథరో ఏం తెలుస్తుంది? మామూలు మనిషికి పనికొచ్చే మాట చెప్పండి.

గుడిసె_జీపు
ఇద్దరూ పెద్దవాళ్లే, ఆ తమ్ముడు అడిగింది వదిలేసి కొట్టుకుంటున్నారు.

ఫీనిక్స్_తెలుగోడు
నేను అమెరికాలో అరిజోనాలో ఉంటాను, జీప్ రాంగ్లర్ బండి. పక్క రాష్ట్రం యూటాలోని మోయాబ్ రాళ్ల మీద నడిపేవాళ్లు ఇప్పుడు గట్టి పాలీ మాటే ఎత్తరు. నైట్రోజన్ నింపిన హైడ్రాలిక్ బంప్ స్టాప్‌లు వేస్తారు. అందులో నూనె సన్నటి దారి గుండా పోతుంది కాబట్టి దెబ్బను మింగేస్తుంది, తిరిగి తన్నదు. ఇక్కడికొచ్చి ఒకసారి చూస్తే రబ్బరా పాలీయా అనే గొడవే ఉండదు.

విశాఖ_4x4
అన్నా, వాటి ఖర్చుతో మా దగ్గర పాత జీపు ఒకటి వస్తుంది. గుడిసె అన్న బండికి నైట్రోజన్ ఎక్కడ నింపుతారు?

ఫీనిక్స్_తెలుగోడు
సరే, ఖర్చు లేని మాట చెప్తాను. షాకర్ రాడ్డు బయటకి కనిపించే రకం అయితే దానికి ఒక ప్లాస్టిక్ జిప్ టై కట్టండి. దారి మొత్తం తిరిగొచ్చి చూస్తే అది ఎంత పైకి నెట్టుకుపోయిందో తెలుస్తుంది. షాకర్ పూర్తిగా మూసుకుపోయే చోటికి చేరి ఉంటే మీ స్టాప్ పొట్టిది, షాకరే స్టాప్ పని చేస్తోంది. అలా వాడితే షాకర్ లోపల వాల్వ్ పగిలిపోతుంది. స్టాప్ బాగా నలిగిన తర్వాత కూడా షాకర్‌లో సుమారు 12 మిల్లీమీటర్లు మిగలాలి.

నల్గొండ_జీపర్
పాలీ అంటే నాకు ఒళ్లు మండుతుంది. నా బండిలో కమాన్ బుష్‌లు (కమాన్ చివర కన్నుల్లో కూర్చునే గొట్టాలు) పాలీవి వేశారు. ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర కీచుమంటోంది. గ్రీజు పెట్టినా వారమే.

బాలానగర్_మోల్డర్
అది బుష్, ఇది బంప్ స్టాప్. బుష్ ఇనుముతో రుద్దుకుంటూ తిరుగుతుంది కాబట్టి అరుస్తుంది. బంప్ స్టాప్ తగిలి వదిలేస్తుంది, అరుపుకి సంబంధం లేదు. దయచేసి కలపకండి.

నల్గొండ_జీపర్
సంబంధం లేకపోతే లేదు. కానీ పాలీ వేసుకోబోయేవాడికి ఆ అరుపు సంగతి ముందే తెలియాలి. నాకు ఎవరూ చెప్పలేదు.

చక్రధారి
కడప బ్రదర్ టైరు మాట ఎవరూ పట్టించుకోలేదు. 235/70 ఆర్16 వ్యాసం సుమారు 735 మిల్లీమీటర్లు. 245/75 ఆర్16 సుమారు 774. అంటే ఇరుసు మధ్య నుంచి టైరు అంచు దాదాపు 19 మిల్లీమీటర్లు పైకి పెరిగింది. స్టాప్ ఎత్తు అదే ఉంచితే ఫెండర్‌కి గీసుకోక ఏం చేస్తుంది? లిఫ్ట్ చేస్తే బండి నిలబడే ఎత్తు పెరుగుతుంది తప్ప ఇరుసు పైకి ఎంత దాకా రాగలదో మారదు. కమాన్ మీద ఎంత లిఫ్ట్ చేసినా గట్టు ఎక్కితే టైరు అక్కడికే వస్తుంది. టైరు పెరిగిన మేరకు స్టాప్ కనీసం 20 మిల్లీమీటర్లు పొడవుగా ఉండాలి.

ఒక చక్రం మాత్రమే ఎక్కితే ఆ లెక్క కూడా చాలదు. స్టాప్ చాసిస్ దగ్గర, లోపల వైపు ఉంటుంది. టైరు బయట ఉంటుంది. స్టాప్ తగిలాక కూడా ఇరుసు ఆ చోటునే ఆధారం చేసుకుని ఒరుగుతుంది, బయట టైరు ఇంకా పైకి పోతుంది. అందుకే కొలవాల్సింది ఒక చక్రం రాయి మీద ఎక్కించి.

గుడిసె_జీపు
చక్రధారి గారూ, ఆ 20 మిల్లీమీటర్లు ఖాళీ బండి లెక్క. నా దగ్గర మనుషులు ఎక్కితే స్టాపర్‌కీ హౌసింగ్‌కీ మధ్య మిగిలేది రెండు వేళ్ల మందం. అందులో 20 మీరు తినేస్తే ఇక కమాన్లు ఎందుకు?

చక్రధారి
బరువు మోసే బండికి ముందు కమాన్ పట్టీ పెంచండి, స్టాప్ తర్వాత చూడండి. స్టాప్ స్ప్రింగ్ కాదు అన్నా. కడప బ్రదర్ బండిలో ఇద్దరే ఉంటారేమో.

గుడిసె_జీపు
పట్టీ పెంచితే ఖాళీగా దిగేటప్పుడు బండి ఎగురుతుంది. మీరు కాగితం మీద చెప్తున్నారు, నేను రోజూ ఆ దారి దిగుతున్నాను.

కర్నూలు_క్రాలర్
బండి ఎత్తు పెంచడం మీద ఎవరూ మాట్లాడరేం? 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, కంపెనీ అనుమతించిన కొలతల నుంచి బండిని మార్చకూడదని. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్. చెక్‌పోస్టులో ఆపితే పెద్ద టైర్ల దగ్గరే దొరికిపోతాం.

జిప్సీ_పాతకాపు
ఇదీ నేను చెప్పేది. కంపెనీ టైరు, కంపెనీ రబ్బరు ఉంటే కోర్టూ లేదు, గీసుకోవడమూ లేదు.

కడప_థార్
చక్రధారి గారూ, లెక్క బాగా అర్థమైంది. బండిలో ఇద్దరమే, వెనక సామాను తక్కువే. మరి ముందు వైపు సంగతి? మోల్డర్ గారూ, బిగించేటప్పుడు చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

చక్రధారి
ముందు కమాన్లు కావు, టార్షన్ బార్, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే ఇనప కడ్డీ. బోల్టు తిప్పి ఎత్తు పెంచి ఉంటే చక్రం కిందికి దిగే చోటు తగ్గిపోతుంది. అప్పుడు ముందు వచ్చే టక్కుమనే దెబ్బ చాలాసార్లు రీబౌండ్ స్టాప్‌దే, అంటే చక్రం మరీ కిందికి దిగకుండా ఆపేదానిది. దాన్ని విని పైకి వచ్చే దెబ్బకి ఆగే స్టాప్ మార్చేస్తే ఉపయోగం లేదు. ఇంకో సంగతి, ముందు స్టాప్ ఆర్మ్ మధ్యలో తగిలితే అక్కడ 10 మిల్లీమీటర్లు పెంచడం అంటే చక్రం దగ్గర 20 కోత. వెనక లెక్క ముందుకి పనికిరాదు.

బాలానగర్_మోల్డర్
పాత స్టాప్ తీయడానికి జాకీ చాసిస్‌కి పెట్టండి. బోల్టు చాలాసార్లు తుప్పు పట్టి విరుగుతుంది, ముందురోజే నూనె కొట్టి ఉంచండి. కొత్తదాని స్టడ్ మర పాతదానితో సరిపోతుందో లేదో చేత్తో తిప్పి చూడండి. పానాతో బలవంతంగా ఎక్కించొద్దు. పెద్ద వాషరు, నైలాక్ నట్ (అదురుకి వదులవ్వని రకం) వేయండి. పొడవు పెంచడానికి కింద ముక్క పెడితే ఇనుముదో అల్యూమినియందో పెట్టాలి, పాలీ మీద పాలీ పేర్చకూడదు, పక్కకి జారుతుంది. ఆఖరున హౌసింగ్ మీద మట్టి ముద్ద అంటించి ఒక చక్రం రాయి ఎక్కించండి. ముద్ద మధ్యలో నలిగితే సరిగ్గా తగులుతోంది. అంచున నలిగితే బ్రాకెట్ సరిచేయాలి, లేకపోతే విశాఖ బ్రదర్‌కి వచ్చిన చీలికే వస్తుంది.

విశాఖ_4x4
నా బ్రాకెట్ ఒక పక్కకే నలిగిన గుర్తు ఉంది. గాజువాకలో ఇలాంటి వెల్డింగ్ శ్రద్ధగా చేసేవాళ్లు ఎవరైనా తెలుసా?

నల్గొండ_జీపర్
వెల్డింగ్ సంగతి తర్వాత. కమాన్ బుష్‌లకి మళ్లీ రబ్బరు వేయించాలంటే పాత పాలీ ఎలా ఊడదీయాలి? కాల్చొద్దని ఒకరు, కాల్చక తప్పదని ఇంకొకరు చెప్తున్నారు.

బాలానగర్_మోల్డర్
కాల్చకండి. ఆ పొగలో విషవాయువులు ఉంటాయి. రంపం బ్లేడుతో నిలువునా కోసి లాగండి, మెల్లగా అయినా వస్తుంది.