వర్తూరు దగ్గర కాలువ పక్కన ఆరు వందల ఫ్లాట్లు: అడ్డుకోవాలా?

ఫేజ్2_403:
బెంగళూరులో వర్తూరు చెరువులోకి వెళ్లే రాజకాలువ (వాననీటి పెద్ద కాలువ) పక్కన నాలుగెకరాల్లో ఆరు వందల ఫ్లాట్లు కడతారట. బోర్డు కూడా పెట్టేశారు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అభ్యంతరం రాస్తోంది, సంతకాలు కావాలి. 2024 మార్చిలో మా మూడు బోర్లూ ఎండిపోయాయి. మోకాళ్ల ఆపరేషన్ అయి అమ్మ మంచం మీద ఉంటే, ఇంటిల్లిపాదికీ బకెట్లు లెక్కపెట్టుకుని వాడాం. ఉన్నవాళ్లకే లేని నీళ్లు కొత్తవాళ్లకు ఎక్కడినుంచి తెస్తారు?

అద్దెఇల్లు:
అదే ఏడాది అక్టోబరులో కావేరి తాగునీటి పథకం ఐదో దశ మొదలైంది కదండీ. 2007లో నగరంలో కలిపిన 110 గ్రామాల కోసమే ఆ నీళ్లు, రోజుకు 77.5 కోట్ల లీటర్లు. పాత కరువు చూపించి కొత్త ఇళ్లు ఆపేస్తే ఎలా?

ఫేజ్2_403:
మా గేటు ముందు ఇవాళ పొద్దున కూడా ట్యాంకర్ ఆగింది.

కొలతమనిషి:
నీళ్ల సంగతి పక్కన పెట్టండి. కాలువ నుంచి ఎన్ని మీటర్లు వదిలారు? మధ్యనుంచి కొలిచారా, గట్టునుంచా? 2015 మాస్టర్ ప్లాన్‌లో పెద్ద కాలువకు 50 మీటర్లు, అదీ మధ్యనుంచి. 2016లో ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) గట్టునుంచి కొలవమంది, చెరువులకైతే 75 మీటర్లు వదలమంది. 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది తేలకుండా అభ్యంతరం నిలబడదు.

వర్తూరుకోడి:
ట్రాఫిక్ గురించి ఎవరూ మాట్లాడరేం?

గుంజూరుమట్టి:
ఆ నాలుగెకరాలు మా చిన్నాన్నవి. నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్నాం, ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. పైనున్న బెళ్లందూరు చెరువు మురుగంతా మా చెరువులోకే దిగింది. నురగ రోడ్డు మీదికి ఎగిరిపడి మా నాన్న స్కూటర్ జారి చెయ్యి విరిగింది. రాగిచేలు పోయాయి. మీ ఫేజ్ 1 కట్టడానికి వచ్చిన లారీలు మా గట్టు తొక్కుకుంటూ పోయినప్పుడు ఏ సంతకాలూ లేవు. చిన్నాన్న అమ్ముకునే రోజు వచ్చేసరికి చెరువు గుర్తొచ్చిందా?

ఫేజ్2_403:
అంటే కొనుక్కున్నవాళ్లం దొంగలమా? ఇరవయ్యేళ్ల లోన్ నెత్తిన పెట్టుకున్నాను. పక్కనే ఆరు వందల కొత్త ఫ్లాట్లు లేస్తే రేపు నాది ఎవరు కొంటారు?

అద్దెఇల్లు:
ఈ మాట మొదటే చెప్పాల్సింది. ఇళ్లు తక్కువైతే మీకు ధర నిలబడుతుంది, మాకు అద్దె పెరుగుతుంది. మూడేళ్లలో రెండిళ్లు మారాను. మా పాప రెండో స్కూల్లో ఉంది.

ఫేజ్2_403:
ధర ఒక్కటే కాదు. నీళ్లు లేక అమ్మ పడ్డ బాధ కళ్లారా చూశాను.

గుంజూరుమట్టి:
చూసే ఉంటారు అన్నా, కాదనను. మీ క్లబ్‌హౌస్ ఉన్నచోట మా తాత ఎడ్లను కడిగేవాడు. కాలువ అప్పుడు అక్కడిదాకా ఉండేది.

కొలతమనిషి:
పాత గ్రామ నక్షా ఉందా మీ దగ్గర? ఉంటే కాలువ మధ్య ఎక్కడో తేలిపోతుంది.

గుంజూరుమట్టి:
నాన్న పెట్టెలో ఉంది, తెస్తాను. కొలిస్తే రెండు గట్లూ కొలవాలి. చిన్నాన్న చేనూ, వాళ్ల కాంపౌండ్ గోడా.

ఫేజ్2_403:
మా గోడ ఎందుకు? మాకు ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఉంది.